బొటనవేలి మీద పద్నాలుగు

పిలుపు రావడానికి ఇంకో గంటైనా పడుతుందని కోర్టు బంట్రోతు చెప్పినప్పుడు ఆవిడ లోలోపల సంతోషించింది, ఈలోగా ఫైలు ఇంకోసారి తిరగేసుకోవచ్చని. ఆ బుద్ధి పుట్టకపోయినా బాగుండేది. పంతొమ్మిదేళ్లుగా హత్యలు జరిగిన ఇళ్లకీ దొంగలు పడ్డ ఇళ్లకీ పోలీసుల వెంట వెళ్లి, రక్తపు మరకలూ వేలిముద్రలూ వెంట్రుకలూ ఏరి, కవర్లలో పెట్టి సీలు వేసే ఉద్యోగం ఆవిడది. ఎన్ని కోర్టుల్లో ఎన్నిసార్లు బోనెక్కిందో గుర్తుపెట్టుకోవడం ఎప్పుడో మానేసింది. వరండాలో గోడవారగా వేసిన చెక్క బెంచీ మీద కూర్చుని, ఒళ్లో ఫైలు పెట్టుకుని, బియ్యంలో రాళ్లు ఏరుతున్నంత తీరిగ్గా ఒక్కో ఫొటో చూసుకుంటూ పోయి, ఇరవై రెండో ఫొటో దగ్గర ఆగింది. అందులో ఒక బూటు ఉంది, ఎడమకాలిది, ప్లంబరుది. బూటుని ఎత్తి పట్టుకున్న చెయ్యి ఒకటుంది, అది తనదే. చేతికి తెల్ల గ్లౌజు. గ్లౌజు బొటనవేలి మీద నీలం మార్కరుతో పద్నాలుగు అని అంకె. ఆవిడ ఫైలు మూసేసింది. కాసేపాగి మళ్లీ తెరిచింది. పద్నాలుగు ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది.

ఆ ఇంట్లో పట్టిన వస్తువులకి వేసిన నంబర్లలో పద్నాలుగంటే దిండు. టీచరమ్మ తల కింది దిండు. రిటైరయ్యాక ఒంటరిగా ఉంటున్న ఆ టీచరమ్మని ఆరునెలల కిందట తెల్లవారుజామున ఎవరో మంచం మీదే తల పగలగొట్టి చంపి, బీరువా ఊడ్చుకుపోయారు. పొద్దున్నే గీజరు బిగించడానికి వచ్చిన ప్లంబరు, తలుపు తెరిచి ఉంటే లోపలికొచ్చి, నడవలోంచి మంచం వంక చూసి, అరుచుకుంటూ వీధిలోకి పరిగెత్తాడు. వాడు చెప్పింది అదీ. గదిలో అడుగే పెట్టలేదన్నాడు, ఇప్పటికీ అదే అంటున్నాడు. వేలిముద్రలంటావా, వారం రోజులుగా ఆ ఇంట్లో పైపులు మారుస్తున్నవాడివి ఇల్లంతా ఉంటాయి. పోయిన నగలు వాడి దగ్గర దొరకలేదు. వాడి మీద ఉన్నదల్లా ఒకటే, ఎడమ బూటు నాలిక కింద ఆవగింజంత రక్తం, అది టీచరమ్మదేనని లేబరేటరీ తేల్చింది. గదిలోకి వెళ్లనివాడి బూటుకి గదిలో రక్తం ఎలా అంటింది? కేసంతా ఆ ఒక్క ప్రశ్న మీద నిలబడింది, వాడు ఆరునెలలుగా జైల్లో ఉన్నది దానికోసమే, రేపు యావజ్జీవం పడినా దానికోసమే. ఆ ప్రశ్నకి జవాబేమో ఇక్కడ, ఇరవై రెండో ఫొటోలో, నీలం సిరాలో ఉంది. దిండు ఎత్తిన గ్లౌజుతోనే ఆవిడ బూటు పట్టుకుంది. దిండు అప్పటికింకా తడి ఆరలేదు.

కాదు, మార్చాను, మార్చకుండా ఎలా ఉంటాను, ఒక వస్తువుకి ఒక జత, అది వాడగానే తీసి పారేసి ఇంకో జత, తుమ్మొస్తే చెయ్యి అడ్డం పెట్టుకున్నంత అలవాటు కదా నాకది అనుకుంది. కళ్లు మూసుకుని గ్లౌజు తీస్తున్నప్పుడు వచ్చే చప్పుడు గుర్తుచేసుకోబోయింది. వచ్చింది, ఎందుకు రాదు, మణికట్టు దగ్గర పట్టి లాగితే టప్పుమని ఊడే రబ్బరు చప్పుడు, లోపల చెమటకి మెత్తబడ్డ వేళ్లు, పౌడరు వాసన, అన్నీ వచ్చాయి. కానీ అవి ఏ రోజువి? పంతొమ్మిదేళ్ల చప్పుళ్లలో ఆ రోజు చప్పుడు ఏదని ఏరుతుంది? ఆ రోజు నిజంగా గుర్తున్నది ఇన్‌స్పెక్టరు గొంతు. దిండు ఎత్తి, నంబరు వేసే కార్డు చేతికి అందక, మరిచిపోతానేమోనని రెండో చేత్తో మార్కరు తీసి బొటనవేలి మీదే అంకె వేసుకుంటోంది. ఇంకెవరైనా అలా రాస్తే చీల్చి చెండాడేది. అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి ఆయన, "ఏమ్మా, ఇంకా ముస్తాబేనా? అవతల ప్లంబరు కాళ్లకి బూట్లున్నాయి, అవి కూడా పట్టు, మళ్లీ కడిగేసుకుంటాడు" అన్నాడు. పక్కనున్న కానిస్టేబుళ్లు నవ్వారు. ముస్తాబట! ఒళ్లు భగ్గున మండింది. దిండుని కవర్లోకి తోసి, సీలు వేసి, ఆ మంటతోనే విసవిసా బయటికి నడిచింది. మెట్టు మీద కూర్చున్న ప్లంబరు వణుకుతున్నాడు. "మీరెందుకమ్మా ముట్టుకోవడం, మట్టి ఉంది, నేను తీసిస్తాను" అన్నాడు. "కదలకు" అంది. అని, వాడి ఎడమ బూటు నాలిక కిందికి బొటనవేలు దూర్చి లాగింది. సరిగ్గా అక్కడే. ఇప్పుడు ఎంత వద్దనుకున్నా బొటనవేలికి ఆ బూటు లోపలి వెచ్చదనం తెలుస్తోంది.

ముస్తాబన్నందుకు ఒక మనిషి జీవితం పోతుందా? పోదు, పోకూడదు, అయినా వాడు చెయ్యలేదని ఎవరు చెప్పారు, చేసే ఉంటాడు. నిప్పు లేందే పొగ రాదు. ప్లంబరు అన్నాక ఇంట్లో ఏ బీరువా ఎక్కడుందో తెలుస్తుంది, టీచరమ్మ ఎప్పుడు పడుకుంటుందో తెలుస్తుంది, చేతిలో రెంచీ ఉండనే ఉంటుంది. ఆ రెంచీని కూడా తనే పట్టింది, పదిహేడో నంబరు, దాని మీద తుప్పు తప్ప ఏమీ లేదు. ఉంటే ఎంత బాగుండేది! రెంచీ మీద ఒక్క చుక్క ఉండి ఉంటే ఈ బూటు గొడవే ఉండేది కాదు. ఇలా అనుకుంటున్నానేమిటని ఒక్క క్షణం ఉలిక్కిపడింది గానీ, ఆ అనుకోవడం మాత్రం ఆగలేదు, వాడు హంతకుడైతే బాగుండునని మనసు దేవుళ్లందరికీ మొక్కుతూనే ఉంది. టీచరమ్మ కళ్లజోడు గుర్తొచ్చింది. మంచం పక్క స్టూలు మీద, సగం చదివిన పుస్తకంలో పేజీ గుర్తుకోసం పెట్టిన కళ్లజోడు. ఒకవైపు అద్దం మీద టీచరమ్మదే వేలిముద్ర, నూనె వేలిది. ఆ వేలిముద్ర ఎత్తుతూ, ఎవరూ అడగకపోయినా ఆ పేజీ నంబరు కూడా రాసుకుంది, పంతొమ్మిదేళ్లలో అలా చేసింది రెండుమూడుసార్లే. ఆ ముసలి ప్రాణానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలా వద్దా? ఎవరో ఒకరు. ఆ మాట దగ్గర మళ్లీ ఆగిపోయింది.

ఇంట్లో ఆవిడ మొగుడు, బస్సు డిపోలో మెకానిక్కు, చుట్టాలందరి ముందూ ఒకటే హాస్యం ఆడతాడు, మా ఆవిడ అన్నం కూడా సీలు వేసి, నంబరు వేసి పెడుతుంది, సంతకం పెట్టి తినాలి అని. నవ్వితే నవ్వారు. ఇంట్లో ఒక గ్లాసు జరిగినా ఆవిడకి తెలుస్తుంది. కూతురు ఇంటర్లో ఉండగా ఒకసారి లైబ్రరీకి వెళ్లొచ్చానంటే, చెప్పులకి అంటిన ఎర్రమట్టి చూసి, లైబ్రరీ దారంతా సిమెంటేగా, ఈ మట్టి ఆ కొత్త లేఅవుటు దగ్గర తప్ప ఊళ్లో ఎక్కడుందే అని అడిగింది. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ తర్వాతి రెండు గంటలూ ఆవిడకి ఎంత సంబరంగా గడిచాయో చెబితే సిగ్గుచేటు. తల్లులు కోప్పడతారు, బెంగపెట్టుకుంటారు, ఆవిడ మాత్రం ఒక్కో ముడీ విప్పుకుంటూ, ఒక్కో అబద్ధాన్నీ పక్కన పెట్టుకుంటూ, చివరికి పిల్ల చేత ఆ కుర్రాడి పేరూ ఊరూ అంతా కక్కించింది. "అమ్మా, నేను నీ కేసుని కాదమ్మా" అంది పిల్ల. ఆ మాటకి మొగుడు లేచి బయటికి వెళ్లిపోయాడు. ఇప్పుడా పిల్ల ఈ బెంచీ మీద పక్కన కూర్చుని, ఏమ్మా, ఆ గ్లౌజు మీద అంకె ఏమిటి అని అడిగితే? ఆవిడ ఫొటోని దగ్గరగా పట్టుకుని చూసింది. ఫొటో కోర్టు కాపీలో ఇంతకన్నా చిన్నగా, మసగ్గా ఉంటుంది. తను కాబట్టి చూసింది. తన చేతి రాత తనకి కాక ఎవరికి తెలుస్తుంది?

ఆఫీసులో కళ్లజోడాయన అయితే ఆ అంకెని పట్టేసేవాడు. ఆ ఆలోచన ఎటునుంచి వచ్చిందో వచ్చి డొక్కలో పొడిచింది. ఆవిడకన్నా పదేళ్లు సీనియరు, మెత్తని మనిషి, పోయినేడాది ఒక దొంగతనం కేసులో తలుపు గడియ మీద ఒట్టి చెయ్యి వేశాడు. పొరపాటున, ఒక్కసారే. "అమ్మా, మీరు రాయకండమ్మా, రిటైర్మెంటుకి రెండేళ్లే ఉంది, నేనే ఆ వేలిముద్ర నాదని పక్కన రాసేస్తాను" అన్నాడు. "ఇది పొరపాటు కాదండీ, పొగరు. ఇలాంటి చేతులకి అమాయకులు బలైపోతారు" అని పదిమందిలో అని, రిపోర్టు రాసింది. ఆయన్ని రికార్డు గదికి మార్చారు. ఇప్పుడు ఎదురుపడితే తలొంచుకుని పోతాడు. ఆ మాట అన్నరోజు ఇంటికొచ్చి ఎంత హాయిగా నిద్రపోయిందో కూడా గుర్తుంది. ఇదంతా బయటపడితే ఆయన నవ్వడు, ఆయన నవ్వే రకం కాదు, అయ్యో పాపం అంటాడు. ఆ అయ్యో పాపం కన్నా ఉరి నయం. ఉరి ఎవరికి? అదీ ప్రశ్న. నాక్కాదుగా అని లోపల్నుంచి ఎవరో అన్నారు, అచ్చం తన గొంతుతోనే.

"నీళ్లు తాగుతారా మేడం?" అన్న మాటకి తల తిప్పింది. బెంచీకి ఆ చివర ఒక సన్నటి మనిషి, ఉతికి మడతపెట్టిన చొక్కా ఉన్న సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చి కూర్చుందో తెలియలేదు. ఈవిడ మెళ్లో వేలాడుతున్న ఐడెంటిటీ కార్డుని చూసింది కాబోలు. "మీరు లేబరేటరీ మేడమే కదండీ? నేను ప్లంబరు భార్యనండి" అంది. లేబరేటరీ వేరే, నేను వేరే అని చెప్పబోయి మానేసి, చాచిన సీసా అందుకుని గటగటా తాగింది. నోరు అంతగా ఎండిపోయిందని తాగేదాకా తెలియలేదు. సీసా సగం ఖాళీ అయ్యాక, తిరిగి ఇవ్వడానికి సిగ్గేసింది.

"ఫర్వాలేదు ఉంచుకోండి మేడం. మీరొస్తారని మా వకీలు చెప్పారు. మీరొస్తే మంచిదే అనుకున్నాను. పోలీసులంటే కొడతారు, తిడతారు, ఏదో ఒకటి ఒప్పిస్తారు. మీదట్లా కాదు కదండీ, పరీక్ష కదా. మిషన్లు అబద్ధం చెప్పవంట కదండీ?"

"చెప్పవు" అంది ఆవిడ.

"అదే నేనూ అంటున్నాను. ఆయన ఆ గదిలోకి వెళ్లలేదండి, రక్తం చూస్తే ఆయనకి కళ్లు తిరుగుతాయి, మా చిన్నోడు పుట్టినప్పుడు ఆసుపత్రిలో పడిపోయాడు, నర్సులు నన్నొదిలేసి ఆయనకి గ్లూకోజు ఎక్కించారు." నవ్వబోయి, నోటికి సంచీ అడ్డం పెట్టుకుంది. "ఎక్కడో ఏదో తేడా వచ్చి ఉంటుందండి. మీరు బాగా చూసి చెబితే తేలిపోద్ది."

ఆవిడకి ఆ మనిషి మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఏడవొచ్చు కదా, తిట్టొచ్చు కదా, శాపనార్థాలు పెట్టొచ్చు కదా, ఈ నమ్మకం ఏమిటి దరిద్రపు నమ్మకం! చొక్కా ఇస్త్రీ మడతల వంక చూసింది. కాలర్ దగ్గర రంగు వెలిసింది, గుండీ ఒకటి వేరే రంగుది, దారం కొత్తది, రాత్రే కుట్టి ఉంటుంది. ఈ చూడటం ఎందుకు, ఎవరడిగారు, కళ్లకి ఈ అలవాటు పోదు కదా. ఆ ముఖంలో ఎక్కడైనా దొంగచూపు దొరుకుతుందేమోనని కూడా వెతికింది. మొగుడు చేసిన పని పెళ్లానికి తెలియకుండా పోతుందా, కనురెప్పల్లోనైనా తొణుకుతుంది. ఏమీ దొరకలేదు. నిద్రలేని కళ్లు, అంతే. నిద్ర లేకపోవడం నేరానికి ఆధారం కాదని శిక్షణకి వచ్చినవాళ్లకి తనే పాఠం చెబుతుంది. "కూర్చోండి, ఇప్పుడే వస్తాను" అని లేచింది.

చెప్పేస్తాను. ప్రభుత్వ వకీలు దగ్గరికి పోయి ఈ ఫొటో చూపించి, అయ్యా, ఇదీ జరిగింది అని చెప్పేస్తాను, తీసుకునే చర్యేదో తీసుకోనీ, రికార్డు గదికే పంపనీ, కళ్లజోడాయన పక్కనే బల్ల వేసుకుని కూర్చుంటాను. నాలుగడుగులు వేసేసరికి చాలా తేలిగ్గా, కాల్లో ముల్లు తీసేసుకున్నంత తేలిగ్గా అనిపించింది. ఆరో అడుగుకి చిన్నపిల్ల కేసు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల, సంపు గుంట, పక్కింటివాడు. వాడి గోళ్లకింద మట్టి తీసింది తను, ఆ మట్టితోనే వాడికి శిక్ష పడింది. ఈ గ్లౌజు సంగతి పేపర్లో వస్తే మర్నాడే వాడి వకీలు వస్తాడు. ఆ రోజు కూడా మార్చలేదేమో అంటాడు. పంతొమ్మిదేళ్లలో తను పట్టించిన ప్రతి వెధవా ఒక వకీలుని పంపిస్తాడు. ఆ పిల్ల తల్లికి ఏం చెబుతావు? ఇదిగో, ఇదీ అసలు సంగతి, నేను నాకోసం ఆలోచించడం లేదు, ఆ పిల్ల కోసం ఆలోచిస్తున్నాను. ఎంత బాగా దొరికింది కారణం! తనే ఏరి, తనే కవర్లో పెట్టి, తనే సీలు వేసినంత శుభ్రంగా ఉంది.

ప్రభుత్వ వకీలు మెట్ల మలుపులో ఫోను మాట్లాడుతూ, ఆవిణ్ణి చూసి ఫోను పక్కకి జరిపాడు. "సార్, ఇరవై రెండో ఫొటోలో..." అని ఆవిడ మొదలుపెట్టింది. అవును, మొదలుపెట్టింది, అంతవరకూ ఎవరైనా ఒప్పుకోవాలి. "ఫొటోలు ఎవరు చూస్తారమ్మా? అవతల వకీలు ఫైలు కట్ట కూడా విప్పలేదు. మీరు ఎప్పట్లా చెప్పెయ్యండి చాలు. మీ సాక్ష్యం ఉన్న కేసు ఇంతవరకూ ఓడిపోలేదు నేను, తెలుసా? జడ్జిగారే అన్నారు మొన్న, ఆవిడ చెబితే ఇక అడగాల్సింది ఉండదని" అన్నాడు. ఆవిడ ముఖం దానంతటదే విచ్చుకుంది. తెలిసింది, విచ్చుకుంటోందని తెలిసింది, ఆపుకోలేకపోయింది. "అబ్బే, ఏముంది సార్" అంది. ఫైలు చంకలో పెట్టుకుంది. తిరిగొస్తూ, పోనీ, ఒకటి చేద్దాం, నా అంతట నేను చెప్పను గానీ అడిగితే దాచను, అవతల వకీలు గ్లౌజు అన్న మాట ఎత్తితే చాలు, ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, అబద్ధం మాత్రం ఆడను అని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు వల్ల ఎంతో మంచిదాన్ననిపించింది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు, నేను ఆ రకం కాదు, నేను అడిగితే చెప్పే మనిషిని.

"సాక్షి తొమ్మిది!" అని బంట్రోతు కేకేశాడు. ప్లంబరు భార్య గబుక్కున లేచి నిలబడి, పెద్ద డాక్టరు ఆపరేషన్ గదిలోకి వెళుతుంటే నిలబడ్డట్టు, దారి ఇచ్చింది. లోపల పైన ఫ్యాను కిర్రుమంటూ ఊగుతోంది. జడ్జిగారు తలెత్తి, గుర్తుపట్టినట్టు చూశారు. ప్రమాణం చేసింది. అదీ ఎన్నోసారో. ప్రభుత్వ వకీలు అడుగుతుంటే చెప్పుకుంటూ పోయింది, ఏ టైముకి వెళ్లింది, ఏది ముందు పట్టింది, ఏది తర్వాత. గొంతు వణుకుతుందేమోనని భయపడింది, గొంతు పాఠం చెబుతున్నంత చక్కగా వచ్చింది. "అన్నీ నిబంధనల ప్రకారమే చేశారా?" "నిబంధనల ప్రకారమేనండి." ఇది అబద్ధం కాదు, ఇది మామూలుగా అనే మాట, అందరూ అనేదే. ఇక అవతల వకీలు లేచాడు. సర్కారు వాళ్లు ప్లంబరు కోసం పెట్టిన కుర్ర వకీలు, ఇంకో కోర్టులో ఇంకో కేసుందని మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నాడు. అడుగు, అడుగు నాయనా అని ఆవిడ లోపల్లోపల అనుకుంటూ అతని వంకే చూస్తోంది, నిజంగానే చూస్తోంది, నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. "ఆ బూటు సైజు ఎంత?" అన్నాడతను. తొమ్మిది అంది. "ఊళ్లో తొమ్మిది సైజు బూట్లు వేసుకునేవాళ్లు చాలామంది ఉంటారు కదా?" ఉంటారంది. "దట్సాల్" అని కూర్చున్నాడు. బతికాను, అడగలేదు, నేను దాచలేదు, వాళ్లే అడగలేదు. బోను అంచు పట్టుకుని దిగబోయింది.

"అమ్మా" అని అవతలి బోనులోంచి ప్లంబరు పిలిచాడు. ఆరునెలల్లో మనిషి సగమయ్యాడు. కానిస్టేబులు భుజం మీద చెయ్యి వేసి నొక్కినా ఆగలేదు. "ఒక్కమాటండి అయ్యా. అమ్మా, నేను ఆ గదిలోకి పోలేదమ్మా. ఒట్టమ్మా. మరి ఆ రక్తం నా బూటులోకి ఎలా వచ్చిందమ్మా? నాకు తెలీక అడుగుతున్నాను. మీకేమన్నా తెలుసామ్మా?"

కుర్ర వకీలు సిగ్గుపడి ఫైలు సర్దుకున్నాడు. జడ్జిగారు కోప్పడతారనుకున్నారంతా. ఆయన కలం కింద పెట్టి, "అడిగాడు కదా. మీకు తెలిస్తే చెప్పండమ్మా" అన్నారు నెమ్మదిగా.

అడిగారు. పెట్టుకున్న ఒట్టుకి అక్షరం పొల్లుపోకుండా, అడగవలసిన ప్రశ్నే, అడగవలసినవాడే అడిగాడు. గదిలో అంతా ఆవిడ వంకే చూస్తున్నారు. ఇప్పుడు. ఒక్కమాట, తెలుసండి, నా గ్లౌజు నుంచి. నాలుగు ముక్కలు. నోరు తెరిచింది. వాడి కళ్లలో ఆశ చూసి, అది పెళ్లాం కళ్లలో ఉన్న ఆశే అని పోల్చుకుని, ఆ ఆశ మీద మళ్లీ అదే కోపం, ఒళ్లు భగ్గుమనే కోపం వచ్చింది. నరం లేని నాలుక, తనంతట తనే తిరిగింది.

"తొడుక్కున్నవాళ్లకి తెలియాలి గానీ, విప్పినవాళ్లకేం తెలుస్తుందండీ?"

కోర్టు గొల్లుమంది. ప్రభుత్వ వకీలు బల్ల మీద చరిచి మరీ నవ్వాడు, కుర్ర వకీలు కూడా ఆపుకోలేకపోయాడు, జడ్జిగారు పెదవులు బిగబట్టి, ఇక చాలు, మీరు వెళ్లొచ్చు అని చేత్తో సైగ చేశారు. ప్లంబరు తల దించుకుని, బూట్లు లేని తన కాళ్ల వంక చూసుకున్నాడు. వాడి భార్య వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది. అంత దూరానికి మాట వినపడలేదు. అందరూ నవ్వుతుంటే, ఏదో మంచిమాటే అయి ఉంటుందనుకుని, ఆమె కూడా నవ్వింది.